రెండు కిలోల అర్హత

మనిషికి బలం పుట్టుకతో వస్తుందనీ, తిండితో వస్తుందనీ, వ్యాయామంతో వస్తుందనీ లోకంలో రకరకాల అభిప్రాయాలున్నాయి. ఇవన్నీ తప్పని 2006 మార్చిలో మా సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో అధికారికంగా తేలింది. స్త్రీకి బలం భర్త గ్రేడును బట్టి వస్తుంది. దీనికి సర్క్యులరు కూడా ఉంది.

ఎర్రగుంట్లకు కాస్త అవతల ఉన్న మా కాలనీ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. ఇక్కడ ఏదైనా గ్రేడు ప్రకారమే నడుస్తుంది. కార్మికుల ఇళ్లకు కుళాయి గంటసేపు, ఇంజనీర్ల ఇళ్లకు రెండు గంటలు, మేనేజర్లకు పొద్దుటిపూటంతా, జనరల్ మేనేజర్ గారి బంగళాకు చెట్లు వద్దనేదాకా. ప్రొద్దుటూరు వెళ్లే కాలనీ బస్సులో మేనేజర్ల భార్యలు ముందు, ఇంజనీర్ల భార్యలు మధ్యలో, కార్మికుల భార్యలు వెనక చక్రం మీద కూర్చుంటారు. ఒకసారి కరివేపాకు మొక్కలు పంచితే మా ఇంజనీర్ల వరుసకు రెండడుగులవీ, వెనక కార్మికుల వరుసకు అడుగువీ వచ్చాయి. (ఫ్యాక్టరీ దుమ్ము మాత్రం అందరి ఆకుల మీదా ఒకే మందాన పడుతుంది. ఈ లోపాన్ని సవరించే ఆలోచన ఉన్నట్టు విన్నాను.)

అందువల్ల మహిళా దారుఢ్య పథకం కింద లేడీస్ క్లబ్బుకు డంబెళ్లు వచ్చినప్పుడు, ఎవరు ఏది లేపాలన్న విషయంలో సంక్షేమ విభాగానికి ఎలాంటి సందేహమూ కలగలేదు. వచ్చినవి నాలుగు జతలు. నల్లటి ఇనుము మీద తెల్ల రంగుతో అంకెలు. కార్మికుల భార్యలకు అర కిలో, ఇంజనీర్ల భార్యలకు కిలో, మేనేజర్ల భార్యలకు రెండు కిలోలు. ఐదు కిలోల జత జనరల్ మేనేజర్ గారి సతీమణి సుందరలక్ష్మి గారికి.

నాకు ఆ పథకంతో అవసరం పడింది. చలికాలంలో నా కుడి భుజం పట్టేసింది. నొప్పి తగ్గింది గానీ చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయేది. ఇంట్లో పై అరలో ఉన్నవన్నీ కింది అరలోకి దిగాయి. జడ మా అమ్మాయి హరిత వేసేది. హరిత పదో తరగతి రాసింది. జూన్ పదిహేనున కడపలో ఇంటర్ హాస్టల్లో చేరాలి. ఆ తర్వాత నా జడ ఎవరు వేస్తారన్నది ప్రశ్న. తాను వేస్తానని మా ఆయన ముందుకొచ్చారు. ఆయన ప్యాకింగ్ విభాగంలో జూనియర్ ఇంజనీరు. వేశారు కూడా. బస్తా మూతి కుట్టినట్టు ఎక్కడా సందు లేకుండా వచ్చింది. విప్పడానికి హరితా, పక్కింటావిడా ఇద్దరూ పట్టారు.

కడపలో చూపించుకుంటే డాక్టరు తేలిక బరువులతో మొదలుపెట్టమన్నారు. "నెల రోజులు కిలో చాలమ్మా. నిదానంగా లేపాల, అంతకంటే నిదానంగా దించాల. పదిసార్లు లేపి, ఒక నిమిషం ఆగి, మళ్లా పది. ఊపిరి బిగబట్టొద్దు. దినం మార్చి దినం. నెలయినాక రెండు కిలోలకు పోండి."

ఈ చివరి వాక్యం ఎంత పెద్ద విషయమో ఆయనకు తెలియదు.

నేను మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టాను. మా ఆయన సంతకం అయింది. నేను కిలో బరువు లేపగలనని డిస్పెన్సరీ నుంచి ధ్రువపత్రం కావాలన్నారు. లేపి చూపిస్తే ధ్రువపత్రం ఇస్తామని డిస్పెన్సరీవాళ్లు, ధ్రువపత్రం చూపిస్తే డంబెల్ ఇస్తామని క్లబ్బువాళ్లు చెప్పారు. చివరికి డిస్పెన్సరీలో నాచేత రోగుల రిజిస్టరు లేపించి, అది కిలోకు తక్కువుండదని నమ్మి సంతకం పెట్టారు.

ఇంట్లోనే ఏ కందిపప్పు సంచో లేపుకోవచ్చు కదా అని మీరనవచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ అప్పటికే ఎవరో రోకలి లేపుతూ కిటికీలోంచి కనబడ్డారట. సవరణ వచ్చింది. కాలనీ హద్దుల్లో వ్యాయామ ఉద్దేశంతో లేపిన ఏ వస్తువైనా డంబెల్ కిందే లెక్క. (వంట ఉద్దేశంతో అయితే ఎంత బరువైనా, ఎన్నిసార్లయినా లేపవచ్చు. ఇందులో గ్రేడుల పట్టింపు లేదు.)

నెల రోజులు కిలోతో శ్రద్ధగా చేశాను. చెయ్యి చెవి దాటి పాపిట దాకా వచ్చింది. జడకు అది చాలదు. చెయ్యి మెడ వెనక్కి తిరగాలి. రెండు కిలోల కోసం లక్ష్మీనరసయ్య గారి దగ్గరికి వెళ్లాను. ఆయన సంక్షేమ విభాగంలో గుమాస్తా, డంబెళ్ల పెట్టె తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మర్యాదస్తుడు. కుర్చీ వేయించి మరీ కుదరదని చెప్పారు.

"మీది కిలో కదా మేడం. రెండు యాడిస్తాం?"

"డాక్టరు రాసిచ్చినారండీ."

"ఆయప్ప మన గ్రేడు చూసి రాసినాడా? లేదు కదా. బయటోళ్లకు మన పద్ధతులేం తెలుస్తాయి?"

"నాకిప్పుడు కిలో బరువే అనిపించడం లేదు."

"మంచిదే కదమ్మా. ఇంక కష్టమేముండాది, అట్లే కానీండి."

"చెయ్యి ఇంకా పైకి లేయాల గదా?"

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. "ఆ కిలోనే ఇంకో ఇరవైసార్లు లేపండి. అంతా కూడితే శానా అవుతాది."

ఏప్రిల్ పదో తారీకు దాటింది. హరిత ట్రంకుపెట్టె తెచ్చుకుంది.

క్లబ్బులో నాకంటే కష్టంలో ఉన్న మనిషి మరొకరున్నారని అప్పుడే తెలిసింది. సుందరలక్ష్మి గారు రోజూ పదింటికి వచ్చి పేముకుర్చీలో కూర్చునేవారు. ఎదురుగా బల్ల మీద ఐదు కిలోల జత పెట్టేవారు. పావుగంటసేపు ఆవిడ దాన్నీ, అది ఆవిడనూ చూసుకున్నాక, రిజిస్టరులో 'లేపడమైనది' అని సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. ఒకరోజు గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు.

"ఏమ్మా శ్రీవిద్యా, నీ కిలో ఒకసారి ఇయ్యి, చూస్తా."

ఇచ్చాను. పదిసార్లు లేపారు. ముఖాన చెమట పట్టింది, కొత్త గాజులు వేసుకున్న పిల్లలా నవ్వారు.

"ఎంత హాయిగా ఉండాదే! కాఫీ గ్లాసు పట్టుకుంటే నా చేతులు వణుకుతాండాయి. నాకు కావాల్సింది ఇదే."

"అయితే అడగండి. మీరడిగితే కాదంటారా?"

"అయ్యో, నేను కిలో లేపుతాండానంటే మా సారును దించేసినారని సాయంత్రానికి ఊరంతా అనుకోదూ?"

మూల ఊడుస్తున్న కృపమణి చీపురు ఆపింది. కృపమణి భర్త ఏసేపు లోడింగులో పనిచేస్తాడు. ఆమె క్లబ్బులో స్వీపరు. కార్మికుల భార్యల్లో పథకంలో చేరింది ఆమె ఒక్కతే. (మిగతావారికి నీళ్లు మోయడంతోనే సరిపోయి, బలం సంపాదించే తీరిక చిక్కలేదు.) కృపమణి రోజూ పొద్దున పెట్టె కింద ఊడవడానికి నాలుగు జతలూ పెట్టెతో సహా ఎత్తి పక్కన పెట్టేది. పెట్టె కాకుండానే పదిహేడు కిలోలు. అది పని కాబట్టి వ్యాయామం కిందికి రాదు. వ్యాయామానికి మాత్రం ఆమెకు అర కిలో ఇచ్చేవారు.

"దీనికి ఇంత యాతనెందుకమ్మా? అంకెలు మార్చి రాసేస్తే పాయె" అంది కృపమణి.

"సైజు చూస్తే తెలిసిపోదా?" అన్నాను.

"ఈడ అంకెను చూస్తారు గానీ వస్తువునెవరు చూస్తాండారు? మా ఇంటాయప్ప టోపీ మీద నాలుగేండ్లుగా వేరేవాని నంబరు ఉండాది. ఎండకు ఆయన నిలబడతాండాడు, హాజరు వానికి పడతాంది. ఇంతవరకు ఎవరన్నా అడిగినారా?"

సుందరలక్ష్మి గారు మళ్లీ తలుపు వైపు చూశారు. "రంగు యాడ దొరుకుతాది?" అన్నారు.

రంగు ఏసేపు తెచ్చాడు, వ్యాగన్ల మీద నంబర్లు వేసేది. ఆదివారం మధ్యాహ్నం లక్ష్మీనరసయ్య గారు భోజనానికి వెళ్లినప్పుడు పని జరిగింది. సుందరలక్ష్మి గారు తలుపు దగ్గర కాపలా కాశారు. నాకు తెలిసి ఆవిడ క్లబ్బులో నిలబడి చేసిన మొదటి పని అది. కిలో జతకు ఐదు, రెండు కిలోల జతకు ఒకటి, ఐదు కిలోల జతకు అర అని రాశాం. మిగిలిన అర కిలోకు రెండు వేయక తప్పలేదు.

మర్నాటి నుంచి క్లబ్బులో ఉత్సాహం పెరిగింది. మేనేజర్ల భార్యలు తమలో ఇంత బలముందని ఇన్నాళ్లూ తెలియలేదన్నారు. మా వరుసలో ఇద్దరు మాత్రం కిలో ఈ మధ్య బరువెక్కిందనుకుని, అది ఎండల ప్రభావమని తీర్మానించుకుని, మజ్జిగ తాగి లేపారు. కృపమణి తన 'అర కిలో' పట్టుకుని, "ఇప్పుడు లేపినట్లుండాది" అంది. నేను నా 'కిలో'ను పదిసార్లు లేపి, నిమిషం ఆగి, మళ్లీ పదిసార్లు లేపాను. మొదటి వారం భుజం నొప్పెట్టింది. రెండో వారం చెయ్యి నడినెత్తి దాటింది.

మే నెలలో తనిఖీకి హైదరాబాదు నుంచి తేజేశ్వర్ గారనే అధికారి వచ్చారు. అంకెలు పాతవి పాతచోటికి వెళ్లిపోతే నా జడ అక్కడితో సరి. ఆయన జతలు లెక్కపెట్టారు, అంకెలు చదివారు, రిజిస్టరులో టిక్కులు పెట్టారు. చివర్లో ఏం తోచిందో, అర అని రాసిన డంబెల్‌ను రెండు వేళ్లతో ఎత్తబోయారు. అది కదల్లేదు. ఆయన అంకె వైపు చూశారు, తన వేళ్ల వైపు చూసుకున్నారు, మళ్లీ అంకె వైపు చూశారు.

"ప్రయాణంలో శానా అలిసిపోయినట్లుండారు సార్" అన్నారు లక్ష్మీనరసయ్య గారు.

తేజేశ్వర్ గారు ఒప్పుకున్నారు. నిమ్మరసం తాగి, అంతా సక్రమంగా ఉందని రాసి వెళ్లారు.

జూన్ పద్నాలుగున హరిత దువ్వెన పట్టుకుని వచ్చేసరికి నా జడ అయిపోయింది. నా వెనక్కి వచ్చి చూసింది. "పాపిట వంకరగా ఉండాదిమా" అంది. తర్వాత చాలాసేపు, సర్దేసిన పెట్టెనే మళ్లీ సర్దింది.

నెలాఖరున ఫ్యాక్టరీ వార్షికోత్సవం. నేను వేసుకున్న జడతో, నేను పెట్టుకున్న మల్లెపూలతో వెళ్లాను. వేదిక మీద సుందరలక్ష్మి గారు ఐదు అని రాసిన డంబెళ్లను పదిసార్లు లేపారు. కాఫీ గ్లాసు కూడా ఇప్పుడు వణకడం లేదని నాకు తెలుసు కాబట్టి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత పథకం నివేదిక చదివారు. బంగళాలో ప్రగతి అద్భుతం. మేనేజర్ల కుటుంబాల్లో ఆశించినదానికంటే ఎక్కువ. ఇంజనీర్ల కుటుంబాల్లో కిలో దగ్గరే నిలిచిపోయింది, పైగా స్వల్ప క్షీణత. కార్మికుల కుటుంబాలకు అర కిలో దాటే లక్షణాలు కనబడనందున వచ్చే ఏడాది పావు కిలోతో సరిపెట్టవచ్చునని సూచన.

సుందరలక్ష్మి గారికి బహుమతిగా షీల్డు ఇచ్చారు. కడప నల్లరాతి పలకతో చెక్కించారు, పన్నెండు కిలోలు. బంగళాకు చేర్చే బాధ్యత మాకు పడింది. కృపమణి ఒక అంచు పట్టుకుంది, నేను రెండో అంచు పట్టుకున్నాను. లక్ష్మీనరసయ్య గారు చేతులు వెనక్కి కట్టుకుని మా పక్కనే నడుస్తూ, నివేదిక విని నేను నొచ్చుకున్నానేమోనని ఓదార్చారు.

"మనసులో పెట్టుకోవద్దు మేడం. సారుకు ప్రమోషన్ రానీండి, బలం అదే వస్తాది."