పదకొండో వార్డు రోగులు

ఊళ్లో రోగం ఎక్కడుందో రోగి బంధువుల కంటే ముందే ప్రజలందరికీ తెలియాలన్న సదుద్దేశంతో ఆరోగ్యాధికారి రోగాల పటాన్ని ప్రారంభించారు. పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో ఎవరికి ఏ జబ్బు నమోదైనా అయిదు నిమిషాల్లో పటానికెక్కుతుంది. జబ్బుల్లేని వార్డు ఆకుపచ్చ, కాస్త ఉంటే పసుపు, ముదిరితే ఎరుపు. కూడలిలో పెద్ద తెర, పైగా అందరి ఫోన్లలోనూ. "ఇక మన ఊళ్లో దాచిన రోగమంటూ ఉండదు" అని అధికారిగారు సెలవిస్తే జనం చప్పట్లు కొట్టారు. అప్పటికింకా ఎవరి వార్డూ ఎర్రబడలేదు మరి.

ఆ రంగులు వేసేది మాత్రం చీటీలక్క. ఇవి పాట పాడుకునే చీటీలు కావు. అత్యవసర విభాగం గుమ్మం పక్కన గాజు కిటికీ వెనక కూర్చుని, పేరు, వయసు, బాధ, వార్డు కంప్యూటర్లో కొట్టి రోగి చేతిలో చీటీ పెట్టడం ఆవిడ ఉద్యోగం. పన్నెండేళ్లుగా ఆవిడ కొట్టింది చదివినవాడు లేడు. ఇప్పుడు ఊరు ఊరంతా చదువుతోంది. మొదటి వారంలోనే నాలుగో వార్డు నుంచి తొమ్మిది మంది వాంతులతో వచ్చారు. పటం పసుపెక్కింది. నీళ్ల ఇంజనీరు పరుగున వెళ్లి, మురుగు కలుస్తున్న గొట్టాన్ని పట్టుకుని బాగు చేయించాడు. ఆ సాయంత్రం చీటీలక్క ఈ సంగతి తొమ్మిదేళ్ల కూతురికి కథలా చెప్పుకుని మురిసిపోయింది.

పటం నిజంగానే పనిచేస్తోందని తేలడంతో కష్టాలు మొదలయ్యాయి.

నాలుగో వార్డులో అద్దె ఇల్లు చూడవచ్చినవాళ్లు గుమ్మంలోనే ఫోన్ చూసుకుని వెనుదిరిగారు. "అమ్మాయి బంగారమే, వార్డే పసుపు" అంటూ కుదిరిన సంబంధమొకటి తప్పిపోయింది.

చీటీలక్క కాపురముండే అయిదో వార్డు ముందుచూపు గలది. ఎవరికి జబ్బు చేసినా ఆసుపత్రిలో ఆరో వార్డని చెప్పాలని కాలనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. "మన వార్డులో జ్వరం పుట్టదు. పుట్టినా అది మనది కాదు!" అని వార్డు సభ్యుడు గర్జించాడు. ఆరో వార్డువారు పౌరుషవంతులు. వాళ్లు రెండన్నారు. రెండోవారు ఎనిమిదన్నారు. ఇలా తిరిగి తిరిగి ఊళ్లోని రోగాలన్నీ పదకొండో వార్డులో స్థిరపడ్డాయి. అక్కడ గోదాములు, ఒక శ్మశానం తప్ప ఇళ్లు లేవు కనుక అభ్యంతరం చెప్పినవారూ లేరు.

పదకొండో వార్డు భగ్గుమంది. ఇంజనీరు రెండు వారాలపాటు గోదాముల చుట్టూ తవ్వించి, నీళ్లు స్వచ్ఛమని నివేదిక సమర్పించాడు. "మనుషులున్నచోట రోగాల్లేవు, రోగాలున్నచోట మనుషుల్లేరు. వైద్యశాస్త్రం ఇంతకంటే ఏం కోరుతుంది?" అన్నారు ఆరోగ్యాధికారి. పొరుగూళ్ల అధికారులు వచ్చి చూసి, శ్రద్ధగా రాసుకుని వెళ్లారు.

చీటీలక్కకు మాత్రం కిటికీ అవతలి ముఖాలు తెలుసు. మూడు రోజులుగా తన వీధి పిల్లలే వాంతులతో వస్తున్నారు. ఎదురింటి ఇల్లాలు పాపను భుజాన వేసుకొచ్చి "పదకొండు" అంది.

"మా ఎదురిల్లే కదమ్మా మీది?"

"ఏంటక్కా, ఏమీ తెలియనట్టు మాట్లాడతావ్? పదకొండే రాయి."

"రోగి చెప్పినదే రోగి చిరునామా" అన్న సూపరింటెండెంటుగారి ఉత్తర్వు కిటికీకే అంటించి ఉంది. చీటీలక్క పదకొండే రాసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడ భర్త కూతుర్ని ఎత్తుకుని ఆటో దిగాడు. పిల్ల కళ్లు లోతుకు పోయాయి. నరం దొరక్క నర్సు మూడుచోట్ల పొడిచింది. పిల్ల ఏడవలేదు, ఏడ్చే ఓపిక లేదు. సెలైన్ ఎక్కడం మొదలయ్యాక చీటీలక్క తన కుర్చీలోకొచ్చి పేరు కొట్టింది, వయసు కొట్టింది, వాంతులని కొట్టింది.

"పదకొండు కొట్టు" అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"మనం ఉండేది అయిదులో కదండీ."

"నాకు తెలీదా? రేపు ఇంటాయన ఉండనిస్తాడా మనల్ని?"

"ఆ నీళ్లే ఇంకో నాలుగు రోజులు తాగితే, ఉండడానికి మనమంటూ మిగలాలిగా!"

అయిదు కొట్టింది. అంతటితో ఊరుకోక పాత చీటీలన్నీ తెరిచి, తనకు తెలిసిన ఇరవై ముగ్గురు పిల్లల్ని ఒక్కొక్కరినే పదకొండో వార్డు నుంచి సొంత ఇళ్లకు చేర్చింది. అయిదు నిమిషాల్లో కూడలి తెర మీద అయిదో వార్డు ఎర్రగా వెలిగింది. సాయంత్రానికి ఇంజనీరు వచ్చాడు. గట్టిగా నాలుగు పలుగు పోట్లు పడకముందే పగిలిన గొట్టం బయటపడింది. వారం తిరిగేసరికి పిల్లలందరూ కోలుకున్నారు.

కాలనీ సంఘం కృతజ్ఞతాసభ జరిపి, గొట్టం మార్పించినందుకు వార్డు సభ్యుణ్ణి సన్మానించింది. వార్డు పరువు తీసినందుకు చీటీలక్క కుటుంబం చేత నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయించాలని అదే సభలో తీర్మానించింది. రెండూ ఏకగ్రీవమే.

సామాను కట్టే రోజున, ఆ తీర్మానం మీద సంతకం పెట్టిన ఎదురింటి ఇల్లాలు సాయానికొచ్చింది. గాజు గిన్నెలకు ఓపిగ్గా కాగితాలు చుట్టి పెట్టెలో సర్దింది. తన పాప గుమ్మంలో గెంతులేస్తుంటే కాసేపు చూసి, కళ్లు తుడుచుకుంది.

"నువ్వు చేసింది తప్పని నేననను అక్కా. మా పాప బతికింది. కానీ ఆ చేసే మంచేదో నలుగురికీ తెలియకుండా చేసి ఉండాల్సింది."