ఒక్కసారే అడిగే ఇల్లు

ఆ శనివారం పొద్దున అమెరికాలోని బెంటన్‌విల్ ఊళ్లో ఆ ఇంట్లో పెట్టుకున్న కార్యక్రమం చాలా తేలికైనది. తొమ్మిదింటికి టిఫిను, పది నుంచి పన్నెండు దాకా నిద్ర, ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ సంస్థ కోఆర్డినేటర్ హోలీ గారు వచ్చి ఒక ఫారం నింపుకుని వెళ్లడం. ఇంటావిడ మిరే ఆ నాలుగు ముక్కలూ ఫ్రిజ్ మీదున్న తెల్లబోర్డు మీద రాసి, కింద ఒక పువ్వు బొమ్మ కూడా వేసింది.

వస్తున్నవాడు సాత్విక్. తెనాలిలో ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోగానే, స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ కింద ఏడాది పాటు అమెరికాలో చదవడానికి ఎంపికయ్యాడు. తీరా ఎవరింట్లో ఉండాలో కాగితం వచ్చాక చూస్తే, వాళ్లు ఫ్రెంచివాళ్లు. ఇంటాయన లోరాన్ ఆ ఊళ్లో ఒక పెద్ద దుకాణాల కంపెనీకి చీజ్ ఎంచిపెట్టే ఉద్యోగం మీద వచ్చి ఆరేళ్లయింది.

"అమెరికా వెళ్లి ఫ్రెంచివాళ్లింట్లో ఉండటమేంట్రా, గుంటూరు టికెట్ కొని ఒంగోల్లో దిగినట్టు!" అన్నాడు తండ్రి దామోదర్.

తల్లి మాత్రం పెట్టె సర్దుతూ రెండే మాటలు చెప్పింది. "పెద్దవాళ్లు కనపడగానే కాళ్లకి దండం పెట్టు. ఏదైనా పెట్టగానే మీద పడిపోకు. రెండుసార్లు వద్దను, మూడోసారి అడిగితే తీసుకో. లేకపోతే తిండికి మొహం వాచి వచ్చాడనుకుంటారు."

మూడు విమానాలు మారేసరికి సాత్విక్‌కి కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో తెలియడం లేదు. కారు కిటికీలోంచి పచ్చటి మిట్టలు నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా కదిలిపోతున్నాయి. ఇంటి గుమ్మంలో మిరే రెండు చేతులూ చాచి నిలబడింది. ఆమె దేశపు మర్యాద ప్రకారం చెంపకు చెంప ఆనించడానికి ముందుకు వంగింది. సరిగ్గా అప్పుడే ఇతను కాళ్లకు దండం పెట్టడానికి కిందికి వంగాడు. చెంప దొరక్క ఆమె ఇంకాస్త వంగింది. దండం పూర్తిచేసి ఇతను గబుక్కున లేచాడు.

ఆమె కళ్లజోడు ఎగిరి పూలకుండీలో పడి విరిగింది. ముక్కు ఎర్రబడింది.

"ఫర్వాలేదు, ఫర్వాలేదు!" అంది మిరే, ముక్కు పట్టుకుని.

సాత్విక్‌కి భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఇప్పటికే ముక్కు పగలగొట్టాడు, ఇంకెంత మర్యాదగా ఉండాలి! రెండుసార్లు కాదు, అవసరమైతే మూడుసార్లూ వద్దనాలనుకున్నాడు.

టిఫిన్ దగ్గర వేడి వేడి క్రొసాంట్ రొట్టె పెట్టారు. వెన్న వాసన గది నిండా మబ్బులా పరుచుకుంది.

"తింటావా?"

"వద్దండి."

మిరే తల ఊపి, పళ్లెం తీసేసింది. సాత్విక్ చూపు ఆ పళ్లెం వెంట వంటగది చివరిదాకా వెళ్లి, ఒంటరిగా తిరిగొచ్చింది. రెండోసారి అడుగుతుందని ఎదురుచూశాడు. అడగలేదు. పాలు? వద్దండి. నారింజ రసం? వద్దండి. గదిలో ఏసీ చలిగా ఉందేమో, ఇంకో దుప్పటి ఇవ్వనా? అబ్బే, వద్దండి. ప్రతిదీ ఒక్కసారే అడిగారు, ప్రతిదీ వెళ్లిపోయింది.

మిరే తప్పేం లేదు. హోలీ గారి సంస్థవాళ్లు ఇచ్చిన చిన్న పుస్తకంలో, "విద్యార్థి వద్దంటే వద్దనే. బలవంతపెట్టకండి" అని ఉంది. ఆమె దాని కింద ఎర్ర పెన్సిల్‌తో గీత కూడా గీసుకుంది. తొమ్మిదేళ్ల కూతురు క్లెమాన్స్ తెల్లబోర్డు మీద ఇంకో పట్టిక మొదలుపెట్టింది. సాత్విక్‌కి పడనివి: రొట్టె, పాలు, పండ్లరసం, దుప్పట్లు.

గదిలో పడుకుంటే నిద్ర వచ్చిందో లేదో అతనికే తెలియలేదు. గోడ మీద క్లెమాన్స్ రంగు పెన్సిళ్లతో అతని పేరు తెలుగులో రాసి అంటించింది. ఫోన్‌లో చూసి గీసినట్టుంది. 'సా' దీర్ఘం పక్షి రెక్కలా వంగింది. కింద హాల్లో వాళ్లు ఫ్రెంచిలో గుసగుసలాడుకుంటుంటే, డాబా మీద పావురాలు కువకువలాడినట్టు ఉంది. కాసేపటికి మిరే తలుపు మెల్లగా తోసుకుని వచ్చి, అతను నిద్రపోతున్నాడనుకుని, ఎండ మొహాన పడకుండా పరదా లాగి, మునివేళ్ల మీద వెళ్లిపోయింది. దుప్పటి కప్పబోయి, పట్టిక గుర్తొచ్చి, మానేసింది. ఆ చలిలో, ఆ ఆకలిలో, సగం కలలో, ఏడాదంతా ఈ ఇంట్లోనే ఉండిపోవాలనుకున్నాడు సాత్విక్.

భోజనానికి ఓవెన్‌లో కాల్చిన కోడి, మీగడలో మగ్గిన బంగాళాదుంపలు వచ్చాయి. అతని ముందుకు మాత్రం రాలేదు. రొట్టె పడనివాడికి, పాలు పడనివాడికి ఏం పెట్టాలో మిరే రెండు గంటలు వెతికి, నాలుగు కేరట్లు ఉడకబెట్టింది.

"ఇంకో కేరట్?"

"వద్దండి," అన్నాడు. ఈసారి అది నిజం.

బంగాళాదుంపలు బల్ల మీద ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పడవల్లా తేలిపోతున్నాయి. తెనాలిలో అప్పుడు రాత్రి పదకొండున్నర. పొట్ట ఏ దేశంలో ఉందో తేల్చుకోలేక రెండు దేశాల ఆకలీ వేసుకుంది.

మూడింటికి ఇక ఆగలేక, నాన్న రాసిచ్చిన నంబరుకు ఫోన్ చేశాడు. చాముండేశ్వరి నాన్న స్నేహితుడి చెల్లెలు, అదే ఊళ్లో పదేళ్లుగా ఉంటోంది.

"ఏం లేదాంటీ, ఊరికే చేశా."

"తిన్నావా?"

"ఆఁ... తిన్నానాంటీ."

"నీ తిన్నానులో అన్నం లేదురా. అడ్రస్ పెట్టు, డ్రైవ్ చేసుకుంటూ వచ్చేస్తున్నా."

నాలుగింటికి హోలీ గారి కారు, దాని వెనకే చాముండేశ్వరి కారు వచ్చి ఆగాయి. చాముండేశ్వరి పులిహోర, పెరుగన్నం పాడవకుండా చక్రాలున్న పెద్ద నీలం ఐస్‌బాక్సులో పెట్టుకొచ్చింది. గుమ్మంలోంచి చూసిన లోరాన్‌కి అది సూట్‌కేసులా కనపడింది.

"వాళ్ల మనిషి వచ్చేసింది, పిల్లాణ్ణి తీసుకెళ్లిపోవడానికి," అన్నాడు భార్యతో. మిరే కళ్లు తుడుచుకుంది. కళ్లజోడు లేకపోవడంతో తుడుచుకోవడం తేలికైంది.

అందరూ హాల్లో కూర్చున్నారు. హోలీ గారు ఫారం తీసింది. మొదటిరోజే ఇల్లు కుదరకపోతే, రెండు గంటల దూరంలో పందుల్ని పెంచే దంపతులు సిద్ధంగా ఉన్నారు. ఆ సంగతి ఆవిడ ముందే చెప్పేసింది.

"మా ఇంట్లో అతనికి ఒక్కటీ నచ్చలేదు," అంది మిరే, పట్టిక చూపిస్తూ. అప్పటికి అందులో పద్నాలుగు చేరాయి.

"రాగానే తలతో కొట్టాడు కూడా," అన్నాడు లోరాన్. కోపంగా కాదు, వివరం వదిలిపెట్టకూడదని.

హోలీ గారు కలం విప్పింది. "సాత్విక్, నీకు ఈ ఇంట్లో ఉండాలని ఉందా?"

ఉంది. గొంతుదాకా ఉంది. కానీ అడగ్గానే ఉందంటే ఎలా ఉంటుంది? నోరు దానంతటదే తెరుచుకుంది.

"అబ్బే, వద్దులెండి. వీళ్లకెందుకు శ్రమ."

హోలీ గారు ఒక గడిలో టిక్కు పెట్టింది. సాత్విక్ రెండో ప్రశ్న కోసం చూశాడు. ఆవిడ పేజీ తిప్పింది. అతని గుండెలో పందులు అరవడం మొదలుపెట్టాయి.

"ఆగమ్మా ఆగు!" చాముండేశ్వరి లేచి నిలబడింది. "ఒక్కసారి అడిగి టిక్కు పెట్టేస్తావేంటి? వాడు ఇంకా మొదటి వద్దులోనే ఉన్నాడు."

"మా రూల్ ప్రకారం వద్దంటే వద్దనే," అంది హోలీ గారు.

"మంచి రూలే. ఒంటి మీద చెయ్యి వేసేవాడికి ఆ రూల్ పెట్టండి. పులిహోరకి పెట్టకండి. చూడండి." ఐస్‌బాక్సు తెరిచి పళ్లెంలో వడ్డించింది. "తినరా."

"వద్దాంటీ," అన్నాడు సాత్విక్, కళ్లు పళ్లెం మీదనుంచి కదలకుండా.

"కొంచెం తిను."

"అయ్యో, ఇప్పుడే కేరట్..."

"నా మీద ఒట్టు!"

పళ్లెం ఖాళీ కావడానికి నిమిషం పట్టలేదు. చివరి పల్లీ కూడా వెతికి తిన్నాడు. హోలీ గారు గ్రహణం చూస్తున్నదానిలా చూసింది. క్లెమాన్స్ తెల్లబోర్డు దగ్గరకు పరిగెత్తి పట్టిక మొత్తం తుడిపేసింది.

మిరే వచ్చి అతని పక్కన కూర్చుంది. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది.

"ఉంటావా?"

"మీకు ఇబ్బంది కదండీ..."

"ఉంటావా?"

"నా వల్ల మీ కళ్లజోడు కూడా..."

"సాత్విక్, ఉండవూ?"

"ఉంటానండీ," అన్నాడు. "పొద్దున పరదా లాగారు చూడండి, అప్పటినుంచే ఉంటున్నాను."

కిటికీ అవతల సాయంత్రపు ఎండ తేనెలా గడ్డి మీద కారుతోంది. హోలీ గారు పాత టిక్కు కొట్టేసి, పక్క గడిలో కొత్త టిక్కు పెట్టి, మార్జిన్‌లో 'మూడుసార్లు అడిగాక' అని రాసుకుని వెళ్లిపోయింది.

చాముండేశ్వరి కూడా ఐస్‌బాక్సు పట్టుకుని లేచింది. "నేనూ వెళ్తానమ్మా. మా అమ్మాయి శ్రీవిద్యని డాన్స్ క్లాస్‌లో డ్రాప్ చేయాలి."

"భోజనం చేసి వెళ్లండి," అంది మిరే.

"వద్దమ్మా, నిజంగా టైం లేదు."

మిరే, లోరాన్ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. క్లెమాన్స్ ఒక వేలు మడిచింది.

"కొంచెం తినండి," అన్నాడు లోరాన్, తలుపుకు అడ్డంగా నిలబడి.

"అయ్యో, నిజంగానే వద్దు! సాత్విక్, నువ్వైనా చెప్పరా!"

సాత్విక్ అప్పటికే నిద్రలోకి జారుకుంటున్నాడు, ఒంటి మీద రెండు దుప్పట్లతో. క్లెమాన్స్ రెండో వేలు మడిచింది. మిరే తన గుండె మీద చెయ్యి వేసుకుని, అప్పుడే నేర్చుకున్న తెలుగులో అంది.

"నా మీద ఒట్టు."

శ్రీవిద్యని వాళ్ల నాన్న దింపాడు. ఫ్రెంచి భోజనం ఒక్కో వంటకం ఒక్కోసారి వస్తుంది. పుచ్చకాయ ముక్కలు, సూపు, బంగాళాదుంపలు, పచ్చి ఆకుల సలాడ్, లోరాన్ స్వయంగా ఎంచి తెచ్చిన ఏడు రకాల చీజ్, ఆ పైన యాపిల్ పళ్లతో చేసిన తీపి. చాముండేశ్వరి వాటిలో ప్రతిదాన్నీ మనస్ఫూర్తిగా వద్దంది. ఆ మాట నమ్మినవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు.