వైరులో వచ్చిన గాలివాన

ఆ ఉదయం సర్దుబాటు అనే పెద్దమనిషి వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే ఆఫీసుకి వెళ్ళడం, మేడమీది కంప్యూటరుకీ కింది కంప్యూటరుకీ మధ్య తెగిపోయిన మాటలు కలపడం, ఎండ ముదరకముందే సరస్సు ఒడ్డుకి చేరుకుని తన భార్య తర్ఫీదిచ్చిన పిల్లల ఈత పోటీ చూడడం. అంతే.

అతను వాతావరణ కేంద్రంలో సహాయాధికారి. ఎవరు ఏ పని చెప్పినా "సర్దేద్దాం సార్" అనడం అతని అలవాటు. అందుకని ఆఫీసంతా అతన్ని సర్దుబాటు అనే పిలుస్తుంది. సర్దిన దాఖలాలు పెద్దగా లేకపోయినా ఆ మాట అనడంలో ఉన్న ధీమాకే పేరు ఖాయమైపోయింది.

భార్య ఈత నేర్పే మాస్టరమ్మ. ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడిగింది. "ఏమండీ, ఇవాళ వాన పడదు కదా?"

"వాతావరణ కేంద్రంలో పనిచేసేవాణ్ణి పట్టుకుని అలా అనుమానంగా అడుగుతావేమిటి?"

"అందుకే అనుమానం. పక్కింటావిడ పడదంది. ధైర్యంగానే ఉంది. ఇప్పుడు మీరు కూడా పడదంటే ఎలాగా అని."

"పడదు," అన్నాడు సర్దుబాటు. ఆవిడ ఎందుకైనా మంచిదని గొడుగు తీసుకుని వెళ్ళింది.

వాతావరణ కేంద్రం సరస్సుని ఆనుకుని ఉన్న పాత మేడ. డాబా చివర, సరిగ్గా నీళ్ళ మీదికి తొంగిచూస్తున్నట్టుగా ఒక రేకుల గది. గది నెత్తిన గాలి వేగం కొలిచే గిన్నెలు గిర్రున తిరుగుతుంటాయి. లోపల ఉన్న కంప్యూటరు ఆ వేగాన్ని లెక్కగట్టి వైరు ద్వారా కింది కంప్యూటరుకి పంపుతుంది. గాలి ప్రమాదకరంగా ఉందని తోస్తే కింది కంప్యూటరు ఎవర్నీ అడగకుండా లాంచీల రేవుకీ, పోలీసులకీ, స్కూళ్ళకీ, రేడియోకీ హెచ్చరిక పంపేస్తుంది. రెండూ ఎంత పాతవంటే, వాటికి తెలిసిన సంభాషణ ఒక్కటే, సీరియల్ పోర్టు. వెనకాల తొమ్మిది పిన్నులున్న మూతి. కొత్తవి ఇప్పించమంటే పై ఆఫీసు వారిది ఎప్పుడూ ఒకటే సమాధానం. పనిచేస్తున్నవాటిని మార్చడం దండగ, పనిచెయ్యనివాటి మీద ఖర్చు పెట్టడం అంతకన్నా దండగ.

ముందురోజు ఎలక వైరు కొరికేసింది. పెద్దసారు తమ ఇంట్లో మూలపడి ఉన్న వైరొకటి తెచ్చి ఘనంగా బల్ల మీద పెట్టారు. పెద్దసారంటే ఆ కేంద్రానికి అధిపతి. కంప్యూటర్ల గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించే సాహసం ఎవరూ చెయ్యలేదు.

"చూడు, మూతులు రెండూ అచ్చం అవే. తగిలించెయ్," అన్నారు.

తగిలించాడు. ఒక్క అక్షరం అటునుంచి ఇటు రాలేదు. చాలాసేపు జుట్టు పీక్కున్నాక సర్దుబాటుకి తట్టింది. ఆ వైరు తిన్నగా పోయే రకం. దీని నోరు దాని నోటికీ, దీని చెవి దాని చెవికీ కలిసిపోయాయి. రెండూ మాట్లాడుతున్నాయి, వినేవాళ్ళు లేరు.

"మన సమీక్షా సమావేశంలాగా అన్నమాట," అంది గుమాస్తా ఆవిడ తలెత్తకుండా టైపు చేసుకుంటూ.

సర్దుబాటు వైరు కోసి, లోపలి తీగలు రెండింటినీ అటుదిటు ఇటుదటు కలిపి టేపు చుట్టాడు. జీవితంలో అతను నిజంగా సర్దిన పని బహుశా అదొక్కటే. పెద్దసారు కింది కంప్యూటరు ముందు కూర్చున్నారు. సర్దుబాటు ఇనప మెట్లెక్కి పైకి వెళ్ళి, ఆ వేళ వీస్తున్న పిల్లగాలి వేగం టైపు చేసి పంపాడు.

కిందనుంచి పెద్దసారి కేక వినిపించింది. "ఏమయ్యా! నాకు హృదయాలు పంపుతున్నావేమిటి?"

"నేను పంపింది గాలి వేగం సార్!"

"ఇక్కడ వరసగా హృదయాలున్నాయి. మధ్యమధ్య నవ్వుతున్న మొహాలు కూడా ఉన్నాయి. ఎవర్ని చూసి నవ్వుతున్నావు?"

గుమాస్తా ఆవిడ లేచి వచ్చి తెర వంక చూసింది. "పాపం, పైన ఒంటరిగా ఉన్నారు కద సార్," అని వెళ్ళి కూర్చుంది.

వేగాలు కలవకపోతే వచ్చే తంటా అది. ఒకటి గబగబా చెబుతుంది, రెండోది నింపాదిగా వింటుంది. అంకెల బదులు పిచ్చి బొమ్మలు దిగుతాయి. సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అదే ప్రమాదమైంది. సర్దుబాటు పైదాని వేగం తగ్గించాడు. అదే సమయంలో పెద్దసారు కిందిదాని వేగం పెంచారు. ఈసారి హృదయాలు తలకిందులుగా ఉన్న ప్రశ్నార్థకాలయ్యాయి. మీరు దిగండి, నేనెక్కుతాను అని ఇతనూ, నువ్వాగు, నేను చూస్తాను అని ఆయనా కాసేపు మెట్ల సందులో అరుచుకుని చివరికి ఒక వేగం మీద రాజీపడ్డారు.

ఇక మిగిలింది పరీక్ష. ఇక్కడ సర్దుబాటు బుద్ధిగానే ఆలోచించాడు. పరీక్ష కోసం పంపే అంకె చూసి కింది యంత్రం నిజమని హడలిపోతుందేమోనని, మెట్ల దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పాడు. "సార్, హెచ్చరికల ప్రోగ్రాము ఆపెయ్యండి!"

రేకుల గదిలో పుట్టిన ఆ మాట ఇనప మెట్లు దిగి పెద్దసారి చెవిదాకా వెళ్ళేసరికి "ఓపెనండి" అయింది. ఆయన ఓపెన్ చేశారు.

"చేశాను! పంపు! కళ్ళకి ఆనేలా పెద్ద అంకె పంపు!"

సర్దుబాటు గంటకి నూట ఇరవై కిలోమీటర్లని పంపాడు.

"రాలేదు!"

నూట నలభై పంపాడు. అదీ రాలేదు. నూట అరవై, నూట ఎనభై. అంకె పెద్దదైతే వైరులో ఇరుక్కోకుండా తోసుకుపోతుందని అతను నమ్మినట్టే కనిపించాడు. నిజానికి కిందినుంచి "పంపు" అని సైగ చెయ్యాల్సిన తీగ ఒకటి టేపు కింద వదులైంది. ఆ సైగ అందనంతసేపూ పైకంప్యూటరు వచ్చిన ప్రతి అంకెనీ కడుపులో దాచుకుంటూ కూర్చుంది. ఆ సంగతి తెలియని సర్దుబాటు విసిగిపోయి వైరు పట్టుకుని ఒక్క కుదుపు కుదిపాడు.

తీగ తగిలింది. దాచుకున్నవన్నీ ఒక్క ఉదుటున దిగాయి. కింది కంప్యూటరు కంటికి క్షణక్షణానికీ బలపడుతున్న మహా ప్రళయం కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక దానికి దొరికిన మొదటి అవకాశం. రేవుకీ, పోలీసులకీ, స్కూళ్ళకీ, రేడియోకీ, ఎవర్నీ వదలకుండా హెచ్చరికలు పంపేసింది.

"అందాయి! అన్నీ అందాయి!" పెద్దసారు కుర్చీలోంచి లేచి గుమాస్తా ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశారు.

అప్పుడు రేవులో సైరను మోగింది. వెంటనే ఫోను మోగింది.

"ఇంకా ఎంతసేపట్లో వస్తుందండీ?" అని అడిగింది ఒక పోలీసు గొంతు.

"ఏది?" అన్నారు పెద్దసారు.

"మీరు పంపించిందే."

పెద్దసారు ఫోను చేత్తో మూసి, అప్పుడే మెట్లు దిగి వచ్చిన సర్దుబాటు వంక చూశారు. సర్దుబాటు తెర వంక చూశాడు. కిటికీలోంచి చూస్తే ఆకాశం కడిగిన గాజుపలకలా ఉంది.

"వెనక్కి తీసేసుకుందాం సార్. పొరపాటని చెప్పేద్దాం."

"హెచ్చరిక వెనక్కి తీసుకోవాలంటే పై ఆఫీసు అనుమతి కావాలయ్యా."

"అడుగుదాం సార్."

అడుగుదామని ప్రయత్నించారు. ఊళ్ళోవాళ్ళందరూ గాలివాన సంగతి అడగడానికి పై ఆఫీసుకే ఫోను చేస్తున్నారు. లైను దొరకలేదు. ఈలోగా సర్దుబాటుకి ఇంకో ఫోను వచ్చింది.

"ఏమండీ, గాలివానట!"

"రాదు, నువ్వు కంగారు పడకు. అది నేను టైపు చేసింది."

"ఎందుకు టైపు చేశారు?"

"అందుతుందో లేదో చూద్దామని."

"అందింది. పోలీసులకి బాగా అందింది. ఒడ్డున ఉన్నవాళ్ళందర్నీ తరిమేస్తున్నారు. పిల్లలు దూకడానికి వరసలో నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఏడుస్తున్నారు. నెలల తరబడి తయారుచేశానండీ వీళ్ళని. మా ఆయన పొరపాటున టైపు చేశారని వాళ్ళ అమ్మలకి చెప్పమంటారా?"

సర్దుబాటు నోట "సర్దేద్దాం" అన్న మాట సగం వచ్చి ఆగిపోయింది. పోటీ మర్నాటికి వాయిదా పడింది. ఆ రోజంతా ఊరు తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపల కూర్చుంది. బయట ఎండ నిశ్చింతగా కాసింది.

సాయంత్రానికి పై ఆఫీసు లైను దానంతట అదే కలిసింది. పెద్దసారు లేచి నిలబడి మాట్లాడారు. "అవును సార్. ఉద్దేశపూర్వకంగానే సార్. ప్రజల సన్నద్ధతను పరీక్షించాం. ముందే చెబితే పరీక్ష ఎలా అవుతుంది సార్?" పై ఆఫీసు కాసేపు ఆలోచించి మెచ్చుకుంది. అయితే ఇకముందు వైరులో వచ్చిన ఏ అంకెనయినా ఇద్దరు అధికారులు స్వయంగా తనిఖీ చేశాకే హెచ్చరిక పంపాలని ఆజ్ఞాపించింది. పెద్దసారు వెంటనే వెళ్ళి హెచ్చరికల ప్రోగ్రాము తమ చేతులతో ఆపేశారు.

మర్నాడు ఎండగానే తెల్లవారింది. భార్య ఈసారి అతన్ని ఏమీ అడగలేదు, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. సర్దుబాటు ఆఫీసుకి వెళ్ళేసరికి కింది తెర మీద గాలి వేగం నలభై అని ఉంది.

"మళ్ళీ మొదలైంది సార్," అన్నాడు నీరసంగా.

"నువ్వు నిన్న టైపు చేసినవే ఇంకా కడుపులో మిగిలి ఉంటాయి. కక్కెయ్యనీ."

కాసేపటికి యాభై ఐదయింది. సర్దుబాటు టేపు విప్పి తీగలు మళ్ళీ కలిపాడు. అరవై ఎనిమిది. పెద్దసారు రెండు కంప్యూటర్లనీ ఆర్పించి మళ్ళీ వెలిగించారు. డెబ్భై ఐదు. వేగం బాగా తగ్గించి చూశారు. అంకె నింపాదిగా వచ్చింది గానీ ఎనభై రెండయి వచ్చింది. ఒక హృదయం లేదు, ఒక ప్రశ్నార్థకం లేదు. అంత శుభ్రంగా వస్తున్న తప్పుని వాళ్ళిద్దరూ ఎన్నడూ చూడలేదు.

గుమాస్తా ఆవిడ బల్ల మీది కాగితాలు ఎగరకుండా ఒక్కొక్కదాని మీదా బరువు పెట్టుకుంటూ అంది. "కిటికీ వెయ్యనా సార్?"

"అమ్మా, లైను వెతుకుతున్నాం. మధ్యలో మాట్లాడకండి," అన్నారు పెద్దసారు.

ఫోను మోగింది. భార్య. వెనకాల ఏవో రెపరెపలాడుతున్న చప్పుడు.

"ఏమండీ, నీళ్ళు నల్లబడుతున్నాయి. పిల్లల్ని దింపనా, వద్దా?"

"దింపు. ఏం ఫరవాలేదు. యంత్రం ఇంకా తప్పు చూపిస్తూనే ఉంది."

"ఎంత చూపిస్తోంది?"

"తొంభై."

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

వైరులో లోపం లేకపోతే పైన గిన్నెల్లోనే ఉండాలని పెద్దసారు తేల్చారు. ఇద్దరూ ఇనప మెట్లెక్కారు. డాబా మీదికి తెరుచుకునే తలుపు ఎంత తోసినా రాలేదు.

"బిగుసుకుపోయింది సార్."

"చెక్క ఉబ్బి ఉంటుంది. గట్టిగా తొయ్యి."

సర్దుబాటు భుజం ఆన్చి తోశాడు. పెద్దసారు సర్దుబాటుని తోశారు. తలుపు బెత్తెడు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. అవతల ఎవరో పట్టుకుని తోస్తున్నట్టుంది. "ఎవరయ్యా అది?" అని పెద్దసారు దబాయించారు. అవతలివాళ్ళు జవాబుగా ఒక్కసారి ఊళ పెట్టి, ఉన్నట్టుండి దిక్కు మార్చుకున్నారు. తలుపు దానంతట అదే బార్లా తెరుచుకుంది. ఇద్దరూ డాబా మీద బోర్లా పడ్డారు. తలలెత్తి చూసేసరికి రేకుల గది రేకులతో, బల్లతో, కంప్యూటరుతో సహా పిట్టగోడ దాటి నీళ్ళవైపు వెళ్ళిపోతోంది. టేపు చుట్టిన వైరు కాసేపు బిగదీసుకుని నిలబడి, ఫట్‌మని తెగింది.

వాన మొహాన కొడుతుంటే పెద్దసారు తెగిన వైరు కొస పట్టుకుని చూశారు. "లైను బాగానే ఉందన్నమాట."

అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. తొంభై అన్న మాట వినగానే మాస్టరమ్మ పిల్లల్నీ వాళ్ళ అమ్మల్నీ ఒడ్డున ఉన్న రాతి భవనంలోకి తోలేసి తలుపులు బిగించింది. ఆవిణ్ణి చూసి లాంచీలవాళ్ళూ తమ లాంచీలని రేవులో కట్టేసుకున్నారు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ ఆవిడ మొగుడితో ఒక్కటే మాటంది. "ఇకమీదట మీరేం చెప్పినా సరే, దానికి ఎదురు చేస్తాను. చెబుతూ మాత్రం ఉండండి."

మర్నాడు పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు సర్దుబాటు. చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంత గాలివానకి హెచ్చరిక ఎందుకు పంపలేదు?" అని గద్దించిన గొంతు బయటికే వినిపించింది.

పెద్దసారు తడబడలేదు. "పంపామండి. ముందురోజే పంపాం. మిగతా కేంద్రాలవాళ్ళు ఎవరూ పసిగట్టలేదు సార్. మేము ఒక రోజు ముందుగానే చెప్పాం."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. హెచ్చరిక వెళ్ళినట్టు కాగితంలో ఉంది, పరీక్ష అన్న మాట ఫోనులోనే పోయింది. ఆ తర్వాత అభినందనలు.

నెల తిరక్కుండా పెద్దసారికి పదోన్నతి వచ్చింది, సర్దుబాటుకి ప్రశంసాపత్రం వచ్చింది. పై ఆఫీసు ఎంతో ఉదారంగా ఆ రెండు కంప్యూటర్ల మధ్య వేసుకోవడానికి సరికొత్త వైరు కూడా మంజూరు చేసింది. పైకంప్యూటరు అప్పటికింకా సరస్సు అడుగునే ఉంది.