తరుగు తెలియని కంప్యూటర్

నమ్మేవాళ్ల వల్ల ఈ దేశానికి ఒరిగిందేమీ లేదు. అనుమానించేవాళ్లే మనల్ని కాపాడుతున్నారు! ఈ మాట అన్నందుకు నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి. కానీ చివరిదాకా చదివి తిట్టండి.

టీవీలో ఆదివారం వచ్చే పెట్టుబడుల కార్యక్రమం మీరూ చూసే ఉంటారు. సోఫాల్లో నలుగురు కోటీశ్వరులు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటారు. ఎదురుగా ఒక కుర్రాడో అమ్మాయో నిలబడి, తాము కనిపెట్టిన వస్తువు గురించి చెమటలు తుడుచుకుంటూ చెబుతుంటారు. ఆ నలుగురూ కళ్లు చిట్లిస్తారు. పెదవి విరుస్తారు. నమ్మకం కుదరడం లేదంటారు. చూసేవాళ్లు "అయ్యో పాపం" అనుకుంటారు.

నేను మాత్రం కూర్చున్నచోటి నుంచే ఆ నలుగురికీ దండం పెడతాను. ఎందుకో తెలుసా? నా పేరు బ్రహ్మయ్య. మిర్యాలగూడలో నాకు రైసు మిల్లు ఉంది. వాళ్లు ఇప్పుడు చేస్తున్న పని నేను ముప్పయ్యేళ్లుగా చేస్తున్నాను. కాకపోతే వాళ్లకు సోఫా ఉంది, నాకు గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

మా పద్ధతి చెబుతాను వినండి. లారీలో వడ్లు వస్తాయి. గుప్పెడు తీసుకుని అరచేతిలో నలుపుతాను, ఊదుతాను, ఒక గింజ పంటికింద వేసుకుని ముఖం చేదుగా పెడతాను. వడ్లు ఎంత బాగుంటే ముఖం అంత చేదుగా పెట్టాలి. అది విద్య! తేమ అంటాను, తాలు అంటాను, మట్టి అంటాను. ఆ తర్వాత బస్తాకు ఇన్ని కిలోలని తరుగు కోస్తాను. అంటే ఆ కిలోలు తూకంలో ఉంటాయి గానీ లెక్కలో ఉండవు. మరి ఎటు పోతాయంటారా? అలాంటి ఆధ్యాత్మిక విషయాలు పత్రికల్లో చర్చించకూడదు.

రైతు ఒప్పుకోకపోతే నేనేమీ అనను. లారీని గేటు బయటే ఉండనిస్తాను. లారీ కిరాయి పెరుగుతుంటుంది, పైన మబ్బు పడుతుంటుంది, రైతుకు జ్ఞానోదయం దానంతటదే అవుతుంది.

ఇప్పుడు మఠంపల్లి ముత్తయ్య సంగతి. ఆయన వడ్లు కొనుగోలు కేంద్రం నుంచి ఏటా మా మిల్లుకే వస్తాయి. ఆయన కూతురు దీవెన కోదాడలో ఇంజనీరింగ్ చదివి, సూర్యాపేట బస్టాండు దగ్గర కంప్యూటర్లు రిపేరు చేసే షాపు పెట్టుకుంది. నిరుడు యాసంగి పంట కోతలప్పుడు వాళ్ల కొనుగోలు కేంద్రంలో కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగింది. కంప్యూటర్‌లో ఎంట్రీ పడనిదే లారీ కదలదు కదా! ముత్తయ్య తన కుప్ప పక్కనే కూర్చుని కరెంటు కోసం ఎదురుచూశాడు. కరెంటు కంటే వాన ముందొచ్చింది. వడ్లు మొలకెత్తాయి.

వేరే పిల్లయితే దేవుణ్ని తిట్టుకుని ఊరుకునేది. ఈ అమ్మాయి ఊరుకోలేదు. టిఫిన్ బాక్సంత కంప్యూటర్ ఒకటి తయారుచేసింది. దానికి ఇంటి కరెంటు అక్కర్లేదు. రైతులు వీపుకు తగిలించుకుని మందు కొట్టే పంపు ఉంటుంది చూశారా, దాని బ్యాటరీ పెడితే పొద్దంతా నడుస్తుంది. ఆ పంపు లేని రైతు ఇల్లు మా దిక్కున లేదు. ప్రతి కొనుగోలు కేంద్రంలో ఇలాంటిదొకటి పెడితే కరెంటు పోయినా ఎంట్రీ ఆగదు, ఇంకొకరి కుప్ప మొలకెత్తదు అని ఆమె ఆలోచన.

నాకు ఆ వస్తువు చూడగానే చిరాకేసింది. కంప్యూటర్ అంటే ఎలా ఉండాలి? మా మిల్లులో ఉంది, చూసి నేర్చుకోవాలి! బీరువాలో సగం ఉంటుంది. ఆన్ చేస్తే మిల్లు మోటారుకు పోటీగా మోగుతుంది. చలికాలంలో దాని పక్కన కూర్చుంటే స్వెటర్ అక్కర్లేదు. కొన్న ఏడాది దసరాకు మా ఆవిడ కనకమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టి పూజ చేసింది. పూజ చేసిన వస్తువును ఎవరైనా ఆర్పుతారా? పదకొండేళ్లుగా అది ఆరలేదు. రాత్రంతా ఎవరూ లేని గదిలో ఒక్కతే వెలుగుతూ ఉంటుంది. కరెంటు బిల్లు చూసినప్పుడల్లా లక్ష్మీదేవి ఇంట్లోనే ఉందన్న ధైర్యం వస్తుంది.

అలాంటి నన్ను దీవెన టీవీ కార్యక్రమానికి రమ్మంది. కొనే వ్యాపారి ఒకరిని వెంట తెమ్మని టీవీవాళ్లు చెప్పారట. టీవీ అంటే రాననేదెవరు? కొత్త చొక్కా కుట్టించుకుని నా కారులోనే తండ్రీకూతుళ్లను హైదరాబాద్ తీసుకెళ్లాను.

స్టూడియో గేటు దగ్గరే చిక్కొచ్చింది. ముత్తయ్య పంపును వీపుకు తగిలించుకుని దిగాడు. దాన్ని మోసే తీరు ఆయనకు అదొక్కటే తెలుసు. సెక్యూరిటీవాళ్లు నలుగురు చుట్టుముట్టారు. చివరికి బాంబు కాదని తేలింది గానీ, పురుగుల మందు వాసన పెట్టుబడిదారులకు పడదని పంపు మీద సీసాడు సెంటు గుమ్మరించి లోపలికి పంపారు.

లోపల ఆ నలుగురు! ఒకాయన నీళ్లు సీసాల్లో పోసి అమ్ముతాడు. ఒకావిడ ముఖానికి పూసుకునే క్రీములు అమ్ముతుంది. ఇంకొకాయన ఒక యాప్ పెట్టాడు, అదేం చేస్తుందో ఎవరికీ తెలియదు, అందుకే అందరికంటే ఖరీదైన కోటు ఆయనదే. నాలుగో ఆయన మాట్లాడడు, తల మాత్రం అడ్డంగా ఆడిస్తాడు.

దీవెన తొణక్కుండా చెప్పింది. నిరుటి వాన గురించి, మొలకెత్తిన వడ్ల గురించి చెప్పి, పంపు బ్యాటరీతో కంప్యూటర్ నడిపి చూపించింది. చెబుతున్నప్పుడు తండ్రి వైపు చూడలేదు.

యాప్ ఆయన అసలు ప్రశ్న వేశాడు. బ్యాటరీ రైతు ఇంట్లోదే అయితే మీరు అమ్మేదేమిటి? పోనీ ఈ కంప్యూటర్ రెండు మూడేళ్లకు పాడవుతుందా? పాడవదని చెప్పింది. అయితే మళ్లీ ఎందుకు కొంటారు?

"మళ్ల కొనే అవసరం ఉండొద్దనే చేసిన సార్," అంది దీవెన.

అయిపోయింది! నేను కుర్చీలోనే తల పట్టుకున్నాను. ఇది వ్యాపారస్థులు అనాల్సిన మాటేనా? కరెంటు ఖర్చు చేయదు, పాడవదు, మళ్లీ కొనక్కర్లేదు! ఇలా ఒక్కొక్క వస్తువూ బాగుపడుతూ పోతే దేశం ఏమైపోవాలి?

అప్పుడు నీళ్లసీసాల ఆయన లేచాడు. ఆ కంప్యూటర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూశాడు, తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ముఖం చేదుగా పెట్టాడు. ఆహా! నా కళ్లు చెమర్చాయి. వడ్లు తప్ప అంతా మా గేటే! దీవెన తన కంపెనీలో పదో వంతు వాటా ఇస్తానంది. ఆయన సగం కావాలన్నాడు. ఆమె కుదరదంది. ఆయన వస్తువును కింద పెట్టేసి సోఫా వైపు నడిచాడు. లారీని గేటు బయటే ఉంచేయడమంటే అదే కదా!

ముత్తయ్యకు వాటాలంటే ఏమిటో తెలియదు. కానీ సరుకు చూసి ముఖం చేదుగా పెట్టి వెనక్కి తిరిగేవాళ్లు ఆయనకు బాగా తెలుసు. ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీకెంత కోయాలనిపిస్తే గంత కోసుకోండి సార్. సరుకు దించుకుంటే సాలు."

స్టూడియో అంతా నవ్వింది. ఆ నలుగురికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ముప్పయ్యేళ్లు నా గేటు దగ్గర నేర్చుకున్న చదువు అది! గర్వంతో నా ఛాతీ ఉబ్బింది. దీవెన ఒక్కతే నవ్వలేదు. తండ్రి జోడించిన చేతులను మెల్లగా కిందికి దించింది. తర్వాత తిరిగి చూసింది. పెట్టుబడిదారుల వైపు కాదు, నా వైపు. ఎందుకు అలా చూసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

క్రీముల ఆవిడ నన్ను అడిగింది, మీరు ఈ కంప్యూటర్ కొన్నారా అని. అనుభవం ఉన్న వ్యాపారి నోటి నుంచి ఏం రావాలో అదే వచ్చింది.

"ఇంకా చూస్తున్నం మేడం."

నాలుగో ఆయన తల అడ్డంగా ఆడించాడు. ఆలోచించి చెబుతామని పంపేశారు. ఆదివారం టీవీలో ఆ భాగం వచ్చినప్పుడు ముత్తయ్య చేతులు జోడించిన చోట వయొలిన్ పెట్టి మూడుసార్లు చూపించారు. మధ్యలో నీళ్లసీసా ప్రకటన కూడా వచ్చింది.

ఆ రోజు నుంచి అనుమానం అనే పుణ్యాన్ని ఇంటాబయటా ప్రచారం చేయడం మొదలుపెట్టాను. సూర్యాపేటలో క్షవరం చేయించుకుంటూ, వచ్చే ఐదేళ్లలో నీ కత్తెర పరిస్థితి ఏమిటని మంగలి షాపాయన్ని నిలదీశాను. ఆయన సగం తల దగ్గర ఆపి, ఆలోచించి చెబుతానన్నాడు. మిగతా సగం కోదాడలో చేయించుకోవాల్సి వచ్చింది. ఇంట్లో పప్పు రుచి చూసి, దీని మీద నాకు నమ్మకం కుదరలేదు, నేను తప్పుకుంటున్నానన్నాను. కనకమ్మ గిన్నె తీసేసింది. సాయంత్రం దాకా తప్పుకునే ఉన్నాను. ఇలాంటి చిన్న చిన్న కష్టాలు ఏ ఉద్యమంలోనైనా ఉంటాయి.

ఇంతవరకు బాగానే ఉంది. మొన్నటి యాసంగి కోతల దగ్గరే కథ అడ్డం తిరిగింది.

మా గేటు బయట లారీలు బారులు తీరాయి. ఎప్పటిలాగే మూడు రోజులు ఆపాను. వాటిలో ముత్తయ్య వడ్ల లారీ కూడా ఉంది. ఆయన దాని నీడలోనే పడుకుంటున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పైన నల్లటి మబ్బు కమ్మింది. రైతులకు జ్ఞానోదయం అయ్యే వేళ! సరిగ్గా అప్పుడే ఒక అధికారి ఫోన్ చేశాడు. సాయంత్రంలోగా లారీల ఎంట్రీ పడకపోతే ఈ సీజను వడ్లన్నీ కోదాడ మిల్లుకు మళ్లిస్తానన్నాడు. సరేనని కంప్యూటర్ గదిలోకి వెళ్లేసరికి కరెంటు పోయింది.

జనరేటర్ తిప్పించబోయాను. దాన్ని స్టార్ట్ చేసే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కాటాకు దాని బ్యాటరీ దానికుంది. మా బీరువా కంప్యూటర్‌కు మాత్రం ఇన్వర్టర్‌లో ఉన్నదంతా ఒక్క గుటకకు కూడా చాలలేదు. పదకొండేళ్ల తర్వాత తెర నల్లబడింది. కనకమ్మ హడలిపోయి దాని ముందు దీపం వెలిగించింది. దీపం వెలుగులో ఎంట్రీ పడదు కదా?

దీవెనకు నేనే ఫోన్ చేశాను. తన టిఫిన్ బాక్సు కంప్యూటర్‌తో సూర్యాపేట నుంచి స్కూటీ మీద వచ్చింది. గేటు లోపలికి వచ్చి నేరుగా నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. డ్రైవర్లు, రైతులు చుట్టూ చేరారు. బిడ్డా, జల్దీ పెట్టు అన్నాను. ఆమె తొందరపడలేదు. చచ్చిన జనరేటర్ వైపు చూసింది, దీపం వైపు చూసింది, నా వైపు చూసింది. ముఖం చేదుగా పెట్టింది.

"నాకైతే నమ్మకం కుదురుతలేదు సేటూ," అంది. "ఇయ్యాల గేటు బయట ఉన్న ఏ లారీకి తరుగు కోయనంటే పెడత."

ఎంత అన్యాయం! ఇది బ్లాక్‌మెయిల్ కాదా? సగం కోస్తానన్నాను. ఆమె కదల్లేదు. కిలో కోస్తానన్నాను. అరకిలో అన్నాను. ఆలోచించుకొమ్మని, మబ్బే జర తొందరలో ఉందని చెప్పి స్కూటీ వైపు నడిచింది. నా వైపు వీపు తిప్పి! నా గేటులోనే, నా విద్యతోనే! మొదటి చినుకు నా కొత్త చొక్కా మీద పడింది. జేబులో ఫోన్ మోగింది, మళ్లీ ఆ అధికారే.

అప్పుడు నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. నా నోటి నుంచి ఏ మాట వచ్చిందో నేనే విని ఆశ్చర్యపోయాను.

"నీకెంత కోయాలనిపిస్తే గంత కోసుకో బిడ్డా. సరుకు దించుకోనియ్యి సాలు."

గేటు దగ్గరున్న వాళ్లంతా నవ్వారు, అచ్చం స్టూడియోలో నవ్వినట్టే. ముత్తయ్య ఒక్కడే నవ్వలేదు. గబగబా వచ్చి నా చేతులు కిందికి దించి, రాత్రుళ్లు బల్బు వెలిగించుకోవడానికి వెంట తెచ్చుకున్న మందు పంపును తన లారీలోంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

టిఫిన్ బాక్సు వెలిగింది. ఒక్కొక్క లారీ లోపలికి వచ్చింది, ఎంట్రీ పడింది, వడ్లు షెడ్డులోకి దిగాయి. చిట్టీలో తరుగు అనే గడి ఉంటుంది. దీవెన ప్రతి లారీకి అందులో సున్నా కొట్టింది. ఆఖరి లారీ షెడ్డు కిందికి వచ్చాక వాన దంచి కొట్టింది. ఒక్క గింజ తడవలేదు. వెళ్లేటప్పుడు, ఆ కంప్యూటర్ నాకు ఒకటి అమ్మమని అడిగాను. ఇంకా చూస్తున్నమంది.

కాబట్టి పాఠకులారా, ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. అనుమానించే మహానుభావులను టీవీ సోఫాల్లోనే కూర్చోబెట్టండి, మిల్లు గేట్ల దాకా రానివ్వకండి. ఆ నలుగురు ఆ కంప్యూటర్‌ను వద్దనడంలో ఎంత దూరదృష్టి ఉందో నాకు ఇప్పుడు తెలిసొచ్చింది. మా పెద్ద కంప్యూటర్ పదకొండేళ్లుగా కరెంటు తాగుతూనే బస్తాకు మూడు కిలోల వడ్లు కూడా తింటోంది. ఈ చిన్నది కరెంటూ తాగదు, వడ్లూ ముట్టదు! ఇలాంటి దాని మీద బుద్ధి ఉన్నవాడెవడైనా పెట్టుబడి పెడతాడా?