తాళం వేసిన పార్కే పార్కు

పార్కుకు తాళం ఉండి తీరాలి. పగలూ రాత్రీ ఉండాలి! జనాన్ని లోపలికి వదిలితే అది సంత అవుతుంది గానీ పార్కు ఎలా అవుతుంది? నమ్మరా? అయితే మా మదనపల్లె పార్కు పుట్టుపూర్వోత్తరాలు వినండి.

మొదట అక్కడ ఉన్నవి చింతచెట్లు, వాటి చుట్టూ ఒక మట్టిబాట. అంతే! జనం ఊరికే వచ్చి, ఊరికే నడిచి, ఊరికే నీడన కూర్చుని పోయేవారు. రిబ్బను కత్తిరించడానికి ఒక్క వస్తువైనా లేదు. ఊరికి సిగ్గుచేటు కాదూ?

అందుకని మ్యూజికల్ ఫౌంటెన్ వచ్చింది. అందులో ఆకులు రాలుతున్నాయని చెట్లు కొట్టేశారు. నీడ పోయిందని సిమెంటు చెట్టు కట్టి పచ్చరంగు వేశారు. ఎండకు ఆ రంగు వెలిసిపోతోందని, టమోటా నారు మీద కట్టే షేడ్‌నెట్ తెచ్చి దానిమీద కట్టారు. చెట్టుకే నీడ పట్టిన ఊరు ఇంకొకటి ఉంటే చూపించండి! ఫౌంటెన్ కోసం బోరు వేస్తే దుమ్ము వచ్చింది. పాపం, ఫౌంటెన్ ఓపెనింగ్ రోజున ట్యాంకరు నీళ్లతో ఒక్క పాట పాడి ఊరుకుంది. ఆ తరువాత డైనోసారు, బొమ్మరైలు, సెల్ఫీ పాయింటు. ఇంత వైభవాన్ని ఎవరైనా ముట్టుకుంటే? గేటుకు తాళం పడింది.

దాని మీద అలిగింది విమలమ్మ ఒక్కతే. నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. రోడ్డు మీద నడుద్దామంటే టమోటా లారీలు. అందుకే పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చేది.

"రవ్వంతసేపు నడిచొస్తా, తియ్యప్పా అంజినప్పా."

"జనం తిరిగితే గడ్డి సచ్చిపోతాదమ్మా. నా ఉద్యోగం పోతాది," అనేవాడు వాచ్‌మన్. చూశారా క్రమశిక్షణ!

మొన్న వాకింగ్ ట్రాక్ ప్రారంభోత్సవం. అంటే పాత మట్టిబాట మీదే టైల్స్ పరిచారు లెండి. ఫొటోలో నడిచేవాళ్లు ఉండాలి కదా! గేటు బయట నిలబడ్డ విమలమ్మను పిలిచారు. ఆమె చేతికర్ర ఊనుకుంటూ నడిచింది. ఫొటోలు అయ్యాయి, శాలువాలు అయ్యాయి, కార్లు వెళ్లిపోయాయి. ఆమె మాత్రం ఆగలేదు.

"సాలమ్మా, బయటికి రా. తాళమెయ్యాల," అన్నాడు అంజినప్ప.

"ఎయ్యప్పా. నేను ఈడనే నడస్తా ఉంటా."

ఎంత మొండితనం! బుద్ధి చెబుదామని నేనే లోపలికి వెళ్లాను. చెప్పాలంటే పక్కన నడవాలి కదా, నడిచాను.

"ఫౌంటెన్లూ డైనోసార్లూ ఎవురడిగినారప్పా? కాలు సాచి నడిసేదానికి రవ్వంత జాగా అడిగితిమి," అంది ఆమె. వెనక్కి తిరిగి చూస్తే, ప్రారంభోత్సవం చూడ్డానికి వచ్చి గేటు దగ్గర ఆగిన జనమంతా బుద్ధి చెప్పడానికి మా వెనకాలే వస్తున్నారు.

అంజినప్ప తాళం పట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి దాన్ని జేబులో వేసుకుని, విమలమ్మకు దారివ్వమని, ట్రాక్ అంతా నిండిన జనాన్ని పక్కకు జరుపుతూ ముందు నడిచాడు.