పేతురు జేబు, పౌలు బాకీ

ఒకరి జేబు కొట్టి ఇంకొకరి బాకీ తీర్చడం తప్పని మీలో ఎవరైనా అనుకుంటున్నారా? అయితే మీరు మా చర్చి కమిటీ మీటింగుకి ఒక్కసారి కూడా రాలేదన్నమాట! వచ్చి ఉంటే ఆ మూఢనమ్మకం ఎప్పుడో వదిలేది. పైగా టీ కూడా ఇచ్చేవారు.

'పేతురును దోచి పౌలుకు చెల్లించడం' అని మాకొక సామెత ఉంది. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసేవాణ్ణి, ఒక చిరుగు కుట్టడానికి ఇంకోచోట గుడ్డ చింపేవాణ్ణి వెక్కిరించడానికి వాడతారు. ఎంత అన్యాయం! ఇంత గొప్ప సూత్రం వెక్కిరింపు మాటగా మిగిలిపోవలసిందేనా? తాతముత్తాతలు తిట్టుగా వదిలేసిన దాన్ని మా ఊరివాళ్ళు పట్టుదలగా ఆశయం చేసుకున్నారు. అది చెప్పడానికే ఈ పత్రికలో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఈ మాట ఎలా పుట్టింది? లండన్‌లో పేతురు పేరున ఉన్న పెద్ద చర్చి భూములు కొన్ని తీసి పౌలు చర్చి మరమ్మతులకి ఇచ్చారని, ఒళ్ళు మండిన జనం ఈ మాట అన్నారని మా చరిత్ర టీచర్ మిస్ క్రెయిల్ చెప్పారు. కథ బాగుంది. కానీ ఆ భూములు చేతులు మారడానికి నూరేళ్ళకు పైగా ముందే ఈ మాట రాతల్లో ఉందని మరుసటి వారం ఆవిడే ఒప్పుకున్నారు. అంటే ముందు సామెత పుట్టింది, తరవాత దోపిడీ జరిగింది! సామెత చూసి నేర్చుకున్నారన్నమాట. చదువు వృథా పోదని ఇందుకే అంటారు.

క్రీస్తు అపొస్తలులైన పేతురు, పౌలు ఇద్దరి పండగా ఒకే రోజు కాబట్టి పేర్లు జంటగా నిలిచాయని ఇంకొందరంటారు. చర్చి గంటలు మోగించే మా బృందం పెద్ద ఏమస్ టకెట్ గారిని అడిగితే, "రెండు పేర్లూ నోటికి కుదురుగా ఉన్నాయి పిల్లా, అంతే. దోచేవాడు పేరు చూసి దోస్తాడా?" అన్నారు.

నేను ఒప్పుకోను. మా ఊళ్ళో పేరు చూసే దోస్తారు.

మాది ఓవర్ మార్డెల్. గుట్ట మీద ఉంటుంది. గుట్ట కింద, నది పక్కన నెదర్ మార్డెల్. పైన మాది పేతురు చర్చి, కింద వాళ్ళది పౌలు చర్చి. రెండింటికీ కలిపి ఒకే ఫాదర్, ఒకే కమిటీ, ఒకే టీ కెటిల్. కెటిల్ కిందే ఉంటుంది.

పదకొండేళ్ళ కిందట పౌలు చర్చికి కొత్త కప్పు వేయించారు. కప్పు వేసిన మేస్త్రీకి బాకీ పడ్డారు. అప్పుడు కమిటీ పెద్ద రోలండ్ పార్జిటర్ గారికి ఒక వెలుగు కనిపించింది. పేతురు చర్చి కప్పు మీద నాలుగు వందల ఏళ్ళనాటి సీసం రేకులు ఊరికే పడి ఉన్నాయి! ఏం చేస్తున్నాయవి? వాన ఆపుతున్నాయి. అంతకుమించి ఏమైనా చేస్తున్నాయా? లేదు. వాటిని అమ్మి మేస్త్రీకి కొంత ఇచ్చారు. మా కప్పు మీద తారు కాగితం పరిచారు.

"తాత్కాలికంగా," అన్నారు పార్జిటర్ గారు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. మా ఊళ్ళో రాయికన్నా గట్టి మాట అదే.

తారు కాగితం రెండు చలికాలాలు ఆగింది. మూడో ఏట వాన లోపలికి వచ్చింది. తడిసిపోతాయని పాటల పుస్తకాలు కిందికి పట్టుకెళ్ళారు. ఎంత ముందుచూపు! తడి గోడల మధ్య హీటర్ పెట్టుకోవడం దండగని హీటర్ కిందికి వెళ్ళింది. హీటర్ లేక చలికి జనం రావడం తగ్గించారు. జనం లేని చోట కుర్చీలెందుకు? కుర్చీలు వెళ్ళాయి. చూశారా, ఒక్కొక్క పనికీ ఎంత సబబైన కారణం ఉందో! ముందు కాలు విరగ్గొట్టి, నడవలేనివాడికి చెప్పులెందుకని అడిగితే ఎవరు కాదంటారు?

ప్రార్థనలో మోకాళ్ళ కింద వేసుకునే దిండ్లు కూడా వెళ్ళాయి. వాటి మీద పైఊరి ఆడవాళ్ళు ఒక చలికాలమంతా కూర్చుని బొమ్మలు కుట్టారు. మా అమ్మ కుట్టింది ముళ్ళపంది. పోయిన క్రిస్మస్‌కి కింద చూశాను, ఎవరో పెద్దమనిషి తన కుక్క కింద వేసుకున్నాడు. కుక్క హాయిగా ఉంది. మన వస్తువు ఒక ప్రాణికి పనికొచ్చిందంటే అంతకన్నా పుణ్యమేముంది?

ఇక చందాల బోర్డు. థర్మామీటరు బొమ్మ వేసి, చందా వచ్చినంత మేర ఎర్ర రంగు పూస్తారు కదా, అది. మా కప్పు కోసం మా వరండాలోనూ ఒకటి పెట్టుకున్నాం. కేకులు అమ్మి, పాత బట్టలు అమ్మి, మోకాలి ఎత్తు దాకా రంగు తెచ్చాం. పార్జిటర్ గారు వచ్చి చూసి, ఎంతో మెచ్చుకుని, బోర్డునే కిందికి తీసుకెళ్ళారు. మా ఎర్ర రంగుతో సహా! పౌలు చర్చి చందా ఆ రోజే మోకాలి దగ్గర మొదలైంది. 'పేతురు' అన్న మాట మీద 'పౌలు' అని కాగితం అంటించారు. కాగితం పల్చన. వెలుతురు పడితే కింద పేతురు కనబడతాడు.

కారే నీళ్ళకి ఏడు బకెట్లు పెట్టుకున్నాం. ఆ ఏడూ మొన్న పంటల పండగకి కిందికి వెళ్ళాయి, పూలు పెట్టడానికి. చాలా బాగున్నాయని అందరూ అన్నారు.

మరి పదకొండేళ్ళ తరవాత మేస్త్రీ బాకీ తీరిందా? ఇదేం ప్రశ్న! పౌలు చర్చికి ఈలోగా కాఫీ గది కావలసి వచ్చింది. మనిషి అడుగుపెడితే దానంతటదే వెలిగే దీపంతో మరుగుదొడ్డి కావలసి వచ్చింది. బాకీ కూడా పెరిగే పిల్ల లాంటిదే, మేత పెడుతూ ఉంటే పెరగక ఏం చేస్తుంది?

ఇన్నీ పోయాక పేతురు దగ్గర మిగిలింది శిఖరంలోని ఆరు గంటలు.

వాటి గురించి నేను కాస్త నిదానంగా చెప్పాలి. అందులో చిన్న గంట తాడు నాది. నాకు నలుగురిలో మాట పెగలదు. క్లాసులో పేరు పిలిస్తే 'ఉన్నాను' అనడానికి కూడా రెండుసార్లు ప్రయత్నించాలి. కానీ ప్రతి గురువారం సాయంత్రం ఆరుగురం తాళ్ళు పట్టుకుని నిలబడినప్పుడు, మొదటి మాట చిన్న గంటవాళ్ళే అనాలి. అది ఆచారం. "చూసుకోండి! చిన్నది కదులుతోంది... వెళ్ళిపోయింది!" అని నేను అరిస్తే, డెబ్బై తొమ్మిదేళ్ళ టకెట్ గారితో సహా ఐదుగురు పెద్దవాళ్ళు నా వెనక తాడు లాగుతారు. గంట గొంతు నది దాటి మూడు మైళ్ళు పోతుంది. లాగేదెవరో ఎవరికీ కనబడదు. నా లాంటిదానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదిగో, అదే స్వార్థమంటే! పార్జిటర్ గారు సెప్టెంబరు మీటింగులో నా కళ్ళు తెరిపించారు. మూడు గంటలు అమ్మి మేస్త్రీకి ఇస్తారట. మిగతా మూడు కింద కాఫీ గదిలో తలకిందులుగా నిలబెట్టి పూల మొక్కలు పెడతారట. పౌలు చర్చి శిఖరానికి లౌడ్‌స్పీకర్ కడతారట. ముందే మా చేత ఒకసారి మోగించి రికార్డు చేసుకుంటే, ఇక ఎప్పుడు కావాలంటే అప్పుడు బటన్ నొక్కుకోవచ్చు. మనుషులు అక్కర్లేదు. గొంతు దాచుకుని మనిషిని పంపించేయడం! ఎంత పొదుపు!

"ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?" అని పార్జిటర్ గారు వాచీ చూసుకుంటూ అడిగారు.

నలభై మంది ఉన్నాం. నలభై మందీ తమ బూట్లు చూసుకున్నారు. కొట్టు నడిపే మిసెస్ ఇబ్స్ నా పక్కన కూర్చుంది. ముందు కుర్చీలో ఉన్న తోటమాలి నెడ్ వీపు మీద పొడిచింది.

"ఎవరో ఒకరు అనాలి నెడ్."

"అయితే మీరే అనండి."

"నేనా? మొన్ననే ఆయన నిచ్చెన అరువిచ్చాడయ్యా! నేనింకా తిరిగి కూడా ఇవ్వలేదు. ఏం బాగుంటుంది?"

"మరి నేను ఆయన గులాబీలు కత్తిరించాలి కదండీ, సోమవారం."

పార్జిటర్ గారు చివరికి టకెట్ గారి వైపు తిరిగారు. "ఏమస్, అరవై రెండేళ్ళుగా ఆ తాడు లాగుతున్నారు. మీరేమంటారు?"

టకెట్ గారు లేచారు. టోపీ తిప్పుకున్నారు. అందరం అటు తిరిగాం. నేనైతే ఆయన నోట్లోంచి ఆ మాట నేనే లాగుతున్నట్టు చేతులు బిగించాను.

"అల్లం కేకు బాగుందండీ," అని కూర్చున్నారు.

మీటింగు పుస్తకంలో ఇలా రాశారు: 'గంటల ప్రతిపాదనకి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కేకుని అందరూ మెచ్చుకున్నారు.'

మా వాళ్ళని తప్పు పట్టకండి. కాలు తొక్కినవాడికి మేమే సారీ చెబుతాం. అలాంటి జాతి లేకపోతే ఈ సామెత ఇన్ని వందల ఏళ్ళు బతికేదా? దోచేవాడి తెలివి వల్ల సామెత నిలవలేదు పాఠకులారా, పేతురు మర్యాద వల్ల నిలిచింది!

ఇంకా అదృష్టం చూడండి. గంటలు దించడానికి చర్చి పై అధికారుల అనుమతి కావాలి. అందుకని చర్చి తలుపుకి నోటీసు అంటించారు. ఇరవై ఎనిమిది రోజుల్లోగా చర్చి సభ్యుల జాబితాలో పేరున్నవాళ్ళు ఒక్కరైనా సరే, వద్దని ఉత్తరం రాస్తే, విచారణ చేయకుండా గంట ముట్టుకోకూడదు. ఒక్క ఉత్తరం!

ఊరంతా వచ్చి చదివింది. కళ్ళజోడు మరచినవాళ్ళు ఇంటికెళ్ళి తెచ్చుకుని మరీ చదివారు. కొట్టు దగ్గర క్యూలో ఏడ్చారు, కుక్కలతో చెప్పుకున్నారు, కంచె మీదుగా కమిటీని తిట్టుకున్నారు. ఇరవయ్యో రోజు మిసెస్ ఇబ్స్ బంగాళాదుంపలు తూస్తూ, "నువ్వు రాసేశావుగా నెడ్?" అంది.

"నేనా? మీరు రాశారనుకున్నానే!"

"నేనెక్కడ? నిచ్చెన ఇంకా మా ఇంట్లోనే ఉందిగా!"

అరువు తెచ్చుకున్న ఒక్క నిచ్చెన ఆరు గంటల్ని ఎలా దించుతోందో చూశారా?

ఇరవై ఆరో రోజు గురువారం. మోగించాక అందరూ వెళ్ళిపోయారు. టకెట్ గారు తాళ్ళు చుడుతున్నారు. నా చిన్న గంట తాడు మామూలుగా నేనే చుట్టుకుంటాను, ఆ రోజు ఆయనే చుట్టారు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు.

"మీరు రాయొచ్చు కదా?" అన్నాను. ఆయన్ని నేను అంత సూటిగా అడగడం అదే మొదటిసారేమో.

"ఎందుకులే పిల్లా గొడవ." తాడు కొక్కేనికి తగిలించారు. చెయ్యి మాత్రం తియ్యలేదు. "గురువారాలు ఏం చెయ్యాలో తెలియడం లేదు. అంతే. ఇంకేం లేదు."

ఇంత జరిగాక కూడా నేను ఈ పద్ధతినే పొగుడుతున్నానంటే కారణం ఉంది. మార్చిలో నాకు పదహారు నిండాయి. ఆ వారమే పార్జిటర్ గారు మా ఇంటికొచ్చి, తన పెన్ను తనే మూత తీసి ఇచ్చి, చర్చి సభ్యుల జాబితాలో నా చేత సంతకం పెట్టించారు. జాబితాలో జనం ఎక్కువుంటే పై అధికారుల దగ్గర బాగుంటుందట. "నీలాంటి నెమ్మదైన పిల్లలే కావాలమ్మా హెస్టర్," అని మెచ్చుకున్నారు కూడా.

ఇరవై ఏడో రోజు శుక్రవారం. బడి అయ్యాక పౌలు చర్చిలో ఇత్తడి సామాను తోమే వంతు నాది. బ్రాసో పాలిష్ డబ్బా ఉండే సొరుగులోనే ఒక రేకు పెట్టె ఉంటుంది. దాని మీద 'పౌలు చర్చి కప్పు నిధి – స్టాంపులు' అని రాసి ఉంటుంది. నా సంచిలో ఒక కవరు ఉంది. లోపల నాలుగు వాక్యాల ఉత్తరం, కింద నా పూర్తి పేరు. చివరి పోస్టు ఐదున్నరకి. నా దగ్గర స్టాంపు లేదు. కొనాలంటే మిసెస్ ఇబ్స్ కొట్టుకే వెళ్ళాలి. ఆవిడ కవరు మీద అడ్రసు చదవకుండా స్టాంపు ఇచ్చిన చరిత్ర లేదు.

అప్పుడు నాకు పార్జిటర్ గారికి పదకొండేళ్ళ కిందట కనిపించిన వెలుగే కనిపించింది. స్టాంపులు ఊరికే పడి ఉన్నాయి! ఏం చేస్తున్నాయవి?

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఇరవై ఎనిమిదో రోజు దాటిపోయి ఉంటుంది. ఉత్తరం చేరవలసిన చోటికి చేరి ఉంటుంది. మీటింగులో పలకలేనిదాన్ని, కానీ మొదటి మాట చిన్న గంటవాళ్ళే అనాలి కదా.

దొంగతనమని మాత్రం అనకండి. కమిటీ నేర్పిన మర్యాద నాకూ తెలుసు. రేకు పెట్టెలో స్టాంపు తీసిన చోట ఒక చీటీ పెట్టి వచ్చాను:

'ఒక స్టాంపు. తాత్కాలికంగా. సీసం రేకులు తిరిగి వచ్చిన రోజు ఇచ్చేస్తాను. ఇట్లు, పేతురు.'