మూసివేయని బుధవారం

భానోజీ చనిపోయిన బుధవారాన్ని వార్డు ఆఫీసు వారు మూసివేయలేదు. మిగతా రోజుల్లాగే అది కూడా అర్ధరాత్రితో అయిపోవలసింది. అయితే ఆ రోజు మొదలైన పని ఒకటి పూర్తి కాకుండా ఉండిపోయిందని తేలింది. పని మిగిలి ఉన్న రోజును మూయడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుచేత ఆఫీసు వెనక, జిరాక్స్ మిషను పక్కనున్న తలుపు మీద 'బుధవారం' అని కాగితం అంటించి, పదిన్నర నుంచి ఐదు వరకు జనాన్ని లోపలికి పంపడం మొదలుపెట్టారు. చెప్పులు బయటే విడవాలి. మధ్యాహ్నం భోజనానికి అరగంట విరామం.

మిగిలిన పని పెద్దదేమీ కాదు. భానోజీ పదో తరగతి. ఒక జపాను యానిమే బొమ్మల సీరియల్‌కు తెలుగు సబ్‌టైటిల్స్ రాసేవాడు. అందులో ఒక రేవు పట్టణం ఉంటుంది. బడి పిల్లలు రెండు ముఠాలుగా చీలి కొట్టుకుంటూ ఉంటారు. ఒక కుర్రవాడు రాత్రి ఆఖరి బస్సు తప్పిపోయినప్పుడల్లా గతంలోకి వెళ్ళి, చనిపోయిన స్నేహితుణ్ణి బతికించడానికి చూస్తుంటాడు. ఒక గండం తప్పిస్తే ఇంకొకటి వస్తుంది. విశాఖలో రేవు వెనక భానోజీ ఉండే కాలనీ పిల్లలకు ఇదంతా సహజంగానే తోచింది. అంతమంది పిల్లలు రోడ్డు మీద అంతలా కొట్టుకుంటుంటే ఒక్క తల్లి కూడా చీపురు పట్టుకుని బయటికి రాకపోవడం మాత్రం వాళ్ళు నమ్మలేకపోయారు.

సీరియల్ చూసి కాలనీలోనూ రెండు బ్యాచ్‌లు తయారయ్యాయి. లోహిత్‌ది రేవు బ్యాచ్, గవర్రాజుది కొండ బ్యాచ్. రెండూ మే నెలలో సీరియల్లో లాంటి నల్లకోట్లు కుట్టించుకున్నాయి. చెమట పట్టినా ఎవరూ విప్పలేదు. కథ ముందే ఇంగ్లీషులో చూసేసినవాణ్ణి బ్యాచ్ నుంచి తీసేసేవారు. తెలుగులో రానిదేదీ ఇంకా జరగనట్టే లెక్క అని రెండు బ్యాచ్‌లూ ఒప్పుకున్నాయి. అవి ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

ఆ బుధవారం భానోజీ ఇంట్లో చివరి ఎపిసోడ్ రాస్తున్నాడు. ఇంట్లో ఉండేది తల్లీ కొడుకులే. తల్లి నూకరత్నం హైస్కూల్లో తెలుగు చెబుతుంది. ఆమె పరీక్ష డ్యూటీలో ఉండగా కొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, బయటికెళ్ళినోడు ఇంటికొచ్చి గుమ్మంలో ఒక మాటంటాడు. లోపలున్నావిడ ఇంకో మాటంటది. జపానోళ్ళు రోజూ అనుకుంటారంట. మనకేటుంది?"

"సందర్భం ఏమిటి నాన్నా?"

"సందర్భం చెప్తే కథ తెలిసిపోద్ది. మనకి ఎళ్ళేటప్పుడు 'ఎళ్ళొస్తా' ఉంది కదా. వచ్చీసినాక ఏటుందీ అని."

"ఆలోచించి సాయంత్రం చెబుతాను. తొందరపడి రాసేయకు."

సాయంత్రం ఐదు దాటాక రెండు బ్యాచ్‌లూ రేవు రోడ్డు మీద బైకులతో ఎదురెదురుగా వస్తున్నాయని తెలిసి, ఆఖరి ఎపిసోడ్ చూశాక కొట్టుకోండని చెప్పడానికి భానోజీ వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు. కొండ బ్యాచ్ బండి ఆగింది. రేవు బ్యాచ్ బండి కూడా పక్కకు తిరిగి ఆగింది. ఆ వెనక వస్తున్న కంటైనర్ లారీకి ఈ కథతో సంబంధం లేదు. అది ఆగలేదు.

ఇదంతా జరిగింది ఐదున్నరకు. ఆఫీసు వేళలు ఐదింటితో ముగుస్తాయి. కాబట్టి తలుపు తెరిచి ఉన్నంతసేపూ భానోజీ లోపల బతికే ఉంటాడు. ఐదున్నరప్పుడు లోపల ఎవరినీ ఉండనివ్వరు. ఆ వేళకు తానూ లోపల ఉండేలా సమయం పొడిగించమని నూకరత్నం ఒకసారి అడిగింది. వాచ్‌మన్‌కు ఓవర్‌టైం మంజూరు కాదని జవాబు వచ్చింది.

హెడ్మాస్టరు ఆమె పీరియడ్లన్నీ ఉదయానికి మార్చాడు. మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బాతో తలుపు దాటి, ఆ బుధవారం ఎలా ఉందో అలాగే ఉన్న తన ఇంటి వసారాలోకి వెళ్ళేది. భానోజీ కంప్యూటర్ ముందు మోకాలు పైకి మడిచి కూర్చుని ఉండేవాడు. తాను పోయిన సంగతి అతనికి తెలుసు. దాని గురించి అతను ఎక్కువ మాట్లాడలేదు, చేతిలో పని ఉంది. అతను ముందు సీన్లలో రాసినవి ఆమె దిద్దేది. 'నేను నిన్ను రక్షించాను' అన్నచోట 'నేను' తీసేయమనేది. అతను తీసేసి, డబ్బాలోని చేపల పులుసు మూత తీసి వాసన చూసి, "ఉప్పెక్కువేసినావు," అనేవాడు. రోజూ అదే అనేవాడు. ఆమె రోజూ అంతే ఉప్పు వేసేది.

చివరి సీను వాళ్ళిద్దరూ కలిసి ఎన్నోసార్లు చూశారు. స్నేహితుడు బతుకుతాడు. తెల్లవారుజామున ఇంటికి వెళ్ళి తలుపు తీసి, బూట్లు విప్పుతూ ఒక మాట అంటాడు. వంటింట్లోంచి తల్లి వెనక్కి తిరగకుండానే ఇంకో మాట అంటుంది. అంతే.

"ఆలోచించినావా?" అనేవాడు భానోజీ.

"ఇంకా లేదు నాన్నా."

ఆమె ఆలోచించింది. నిజానికి ఆలోచించే పని కూడా లేదు. ఆ ఇంట్లో అతను బడి నుంచి వచ్చినప్పుడల్లా సంచి విసిరి 'అమ్మా' అనేవాడు. ఆమె లోపలి నుంచి 'వచ్చావా' అనేది. ఏ నిఘంటువూ చూడక్కర్లేదు. ఆ మాట చెబితే అతను రాస్తాడు. రాస్తే పని పూర్తవుతుంది. పూర్తయితే బుధవారం మూసేస్తారు. ఐదు కొట్టగానే ఆమె లేచి, "వెళ్ళొస్తాను," అనేది. అతను తెర మీంచి కళ్ళు తిప్పకుండా తల ఊపేవాడు.

అతన్ని బయటికి తీసుకురావాలని బ్యాచ్‌లు ప్రయత్నించకపోలేదు. సీరియల్లో కుర్రవాడు చేసింది కూడా అదే కదా. రెండు బ్యాచ్‌లూ ఒకే మధ్యాహ్నం వెళ్ళాయి. ఎవరు తీసుకురావాలన్న దాని మీద భానోజీ ముందే ఒకరి కోటు ఒకరు చింపుకున్నారు. చివరికి లోహిత్ కుడిచెయ్యి, గవర్రాజు ఎడమచెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించుకొచ్చారు. గడప దగ్గర, బయటికి వచ్చేవాళ్ళ కోసం, వేలిముద్ర యంత్రం ఉంది. దాని పక్క బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా తవిటినాయుడు మంచివాడు.

"బొటనేలు ఎట్టు బాబూ. పడనేదా? తుడిసి ఎట్టు. రెండోది. కొబ్బరి నూనె రాసి సూద్దుమా?"

నూనె రాసినా పడలేదు. యంత్రం మీద 'మరణించినట్టు నమోదైంది' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"మనిషి ఎదరే ఉన్నాడు కదండీ!" అన్నాడు గవర్రాజు.

"ఉన్నాడు. నానూ సూస్తన్నాను. సిస్టమ్ సూడ్డం నేదు," అన్నాడు తవిటినాయుడు. "మొన్న మా మేనత్తకీ ఇదే అయింది. బతికున్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇస్తామన్నోళ్ళు ఏలిముద్ర ఎయ్యమన్నారు."

భానోజీ ఒక కాలు గడప ఇవతల పెట్టి నిలబడ్డాడు. బయట ఆఫీసు వరండా బెంచీ మీద, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి కనిపించింది.

"అమ్మా," అన్నాడు.

జవాబు ఆమె నాలుక చివరికి వచ్చింది. కొడుకు చెవిన ఆ మాట పడితే, అతను వెతుకుతున్నది అదేనని అతనికి తెలిసిపోతుంది. ఆమె పెదవులు గట్టిగా మూసుకుంది. అతను కాసేపు చూసి, అమ్మ వినలేదనుకుని, కాలు వెనక్కి తీసుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తెరిచి ఉన్న రోజుల మీద కరెంటు ఖర్చు ఎక్కువవుతోంది కనుక మార్చిలోగా మిగిలిన పనులు పూర్తి చేయించి మూయాలని. తవిటినాయుడు ఆ కాగితం ఆమెకు చూపించి, చదివేదాకా పక్కకు తిరిగి నిలబడ్డాడు. అంతకు ముందు ఆదివారమే బ్యాచ్‌లు మళ్ళీ కొట్టుకున్నాయి. సీరియల్లో స్నేహితుడు బతికాడని ఒకరు, బతకలేదని ఒకరు. లోహిత్ చేతికి సిమెంటు కట్టు పడింది.

కట్టుతోనే లోహిత్, పక్కనే గవర్రాజు, ఆమె బెంచీ దగ్గరికి వచ్చారు.

"టీచరుగారండీ, ఒక్క మాటంట కదా మిగిలింది. చెప్పీయండి. అది చూసీసి ఆపేస్తాం, ఒట్టు," అన్నాడు గవర్రాజు.

"చెబితే ఈ తలుపు మూసేస్తారు."

ఈ సంగతి వాళ్ళకు అంతవరకు తెలియదు. గవర్రాజు తలుపు వైపు చూశాడు. లోహిత్ కట్టు అంచు గోకుతూ నిలబడ్డాడు.

"మరి చెప్పకపోతే?"

"మీరు కొట్టుకుంటారు. ఇంకొకరు పోతారు."

లోపల జిరాక్స్ మిషను ఎవరిదో కాగితం తీస్తోంది.

"ఒరే గవర్రాజూ," అన్నాడు లోహిత్, "చూడకుండానే ఆపీలేమా ఏటి?"

"ముందు నువ్వు కోటిప్పు."

"చెయ్యి దూరదురా ఎదవా, కట్టుంది."

గవర్రాజే ఆ కోటు విప్పాడు. తర్వాత తనదీ విప్పాడు. అప్పటి నుంచి రెండు బ్యాచ్‌ల వాళ్ళూ చెప్పులు బయట విడిచి, మధ్యాహ్నాలు బుధవారంలోనే కూర్చుంటున్నారు. భానోజీ వాళ్ళ మీద విసుక్కుంటాడు. తెర కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. స్నేహితుడు బతికాడా అని ఎవరూ అడగరు.

మార్చి వెళ్ళిపోయింది. పని పెండింగ్‌లో ఉందని తవిటినాయుడు పైకి రాస్తూనే ఉన్నాడు. అబద్ధం కాదు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ సంగతి కాలనీ అంతా పాకింది. ఇప్పుడు తల్లులు పిల్లల్ని బయటికి పంపేముందు ఏదో ఒక పని సగంలో ఆపించి పంపుతున్నారు. పాలగ్లాసులో సగం, జడలో ఒక పాయ, హోంవర్క్‌లో చివరి వాక్యం. రేవు రోడ్డు మీద లారీలు అలాగే తిరుగుతున్నాయి. అక్కడ స్పీడ్‌బ్రేకర్ వేయమని పెట్టిన దరఖాస్తు కూడా సగంలోనే ఉంది. అది మాత్రం ఎవరూ కావాలని ఆపింది కాదు.

నూకరత్నం ఉదయాలు తరగతిలో పిల్లలు తెచ్చిన సగం వాక్యాలు చూస్తుంది. ఎవరినీ దండించదు. వాక్యం ఆగిన చోట వేలు పెట్టి, చుక్క పెట్టకుండా, కింద సంతకం చేసి ఇచ్చేస్తుంది.

చివరి ఎపిసోడ్‌లో ఆఖరి రెండు మాటలకు తెలుగు ఇంకా రాయలేదు.